షద్దా చాటు మనిషి

ఆ ఉదయం బేరానికి బయలుదేరేటప్పుడు షావుకారు దగ్గర ఉన్న సరుకు ఇది: నొక్కితే పొగ వదిలే పెన్ను, వెనక సందులో నిలబెట్టిన కారు తాళంచెవి, గోరంత పెన్ డ్రైవ్, భుజాల దగ్గర వదులుగా ఉన్న అరువు కోటు. వీటన్నిటికంటే బరువైనది ఇంకొకటి ఉంది. భయం. అది డిపార్ట్‌మెంట్ ఇచ్చింది కాదు. సొంతం.

షావుకారు అతని అసలు పేరు కాదు. సీక్రెట్ సర్వీస్‌లో చేరకముందు గుడ్డల కొట్టు నడిపాడని తోటి ఏజెంట్లు తగిలించిన పేరు. ఆ పేరు మొదట పెట్టినవాడు దర్జీ. అతను పేరుకే దర్జీ, సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఇద్దరూ కలిసి ఎన్నో ఆపరేషన్లు చేశారు. ముందురోజు సాయంత్రం ఆ దర్జీ ఒక లిఫ్టులో గోడకి ఆనుకుని కూర్చుని ఉండగా దొరికాడు. అలసిపోయి కూర్చున్నాడనుకుని ఇద్దరు ముగ్గురు పక్కకి తప్పుకుని ఎక్కారట, దిగారట. కాలర్ కింద సూదిపోటంత గాయం తరవాత ఎప్పుడో కనిపించింది.

బ్రీఫింగ్ బేస్‌మెంట్ గదిలో జరిగింది. చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆయన అద్దాలు తుడుస్తున్నాడంటే చెప్పబోయేది మంచి వార్త కాదు.

"పాస్ చేయించడానికి వివరాలతో సహా ఇచ్చిన ఫొటో ఒకటి దర్జీ జేబులో ఉండేది. శవం దగ్గర అది లేదు."

"ఎవరి ఫొటో సార్?"

చీఫ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"ఎవరిది సార్?"

"మీ బావమరిదిది."

షావుకారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. భార్యకి ఒక్కడే తమ్ముడు. ఇంట్లో అందరి లెక్కలో అతను ఓడల కంపెనీలో గుమాస్తా. నిజానికి సరిహద్దు అవతల, గూఢచారి ముఠా నాయకుడి ఇంట్లో కారు డ్రైవర్. అక్కడినుంచి వచ్చే ప్రతి సమాచారం వెనకా ఉన్నది వాడే.

"ఫోన్ చేసి పారిపొమ్మనండి సార్."

"ఫోనే ఉంటే వాడు ఎప్పుడో పోయేవాడు. వాడు మాట్లాడితే మనం వింటాం. మనం మాట్లాడే దారి లేదు."

"అయితే ఆ ఫొటో ఎత్తుకెళ్ళినవాళ్ళ ఆఫీసు తలుపులు బద్దలు కొడదాం."

"కొడితే ఆ వార్త అవతలికి చేరుతుంది. వాళ్ళు ఇంట్లో కొత్తగా చేరిన ప్రతివాడినీ నిలబెట్టి కాల్చేస్తారు. మొదటివాడు మీవాడే."

గుడ్డల కొట్టులో నిప్పు రాజుకున్నప్పుడు కూడా షావుకారుకి ఇంత చెమట పట్టలేదు.

ఫొటో ఎవరి చేతిలో ఉందో డిపార్ట్‌మెంట్‌కి తెలుసు. పిల్లలకి అరబిక్ నేర్పే వాచకాలు తయారుచేసే పబ్లిషింగ్ ఆఫీసు అది. యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన వారం వారం ఒక పాఠం ఫైలు అవతలి ప్రెస్సుకి పంపుతాడు. ఇవాళ మధ్యాహ్నం ఒక ఫైలు పోవాలి. ఆ ఫైళ్ళలోనే రహస్యాలు పోతున్నాయని అనుమానం. బొమ్మలు వెతికారు, ఖాళీలు వెతికారు, పేజీల అంచులు వెతికారు. ఏమీ దొరకలేదు. చనిపోయేముందు దర్జీ ఒక పాఠం తాలూకు రెండు ఫైళ్ళు పంపాడు. అదే ఆఖరి రిపోర్టు.

టెక్నికల్ మేడమ్ ఆ రెండింటినీ స్క్రీన్ మీద పక్కపక్కన తెరిచింది.

"ఏమైనా తేడా ఉందా షావుకారుగారూ?"

"రెండూ ఒకే థాను గుడ్డలా ఉన్నాయి మేడమ్."

"మీ కంటికి. మెషీన్‌కి కాదు." ఆమె ఒక అక్షరాన్ని పెద్దది చేసింది. దాని నెత్తిమీద చిన్న పళ్ళ దువ్వెన ముక్కలాంటి గుర్తు, ఆ పైన అడ్డంగా చిన్న గీత. "అరబిక్‌లో అక్షరాన్ని ఒత్తి పలకాలంటే ఈ దువ్వెన ముక్క పెడతారు. షద్దా. దాని మీద గీత అచ్చు గుర్తు, ఫత్‌హా. కంప్యూటర్లు అక్షరాలకి వాడే యూనికోడ్ పట్టికలో రెండింటికీ వేరువేరు కోడ్లు. ఏది ముందు టైప్ చేసినా స్క్రీన్ మీద బొమ్మ ఒకటే, ప్రింటులోనూ ఒకటే. ఫైలు లోపల మాత్రం ఏది ముందు వచ్చిందో అలాగే ఉండిపోతుంది."

షావుకారు తలూపాడు. "పెళ్ళిలో ఒకే సోఫాలో కూర్చున్న వియ్యంకులన్నమాట. ఎవరు ముందొచ్చారో ఫొటో చూస్తే తెలీదు. గుమ్మం దగ్గర నిలబడ్డవాడికి తెలుసు."

"సరిగ్గా అంతే. షద్దా ముందుంటే ఒకటి. వెనకుంటే సున్నా. ఆ ఒకట్లూ సున్నాలూ వరసగా చదివితే మాటలు. పిల్లల వాచకం కాబట్టి ప్రతి అక్షరానికీ గుర్తులుంటాయి, షద్దాలు బోలెడు. ఒక మనిషి ఎవరు, ఏ ఇంట్లో ఏం చేస్తున్నాడు, ఇది చెప్పడానికి ఒక పాఠం చాలు."

"చెప్పడానికి ఏమీ లేని వారం?"

"అన్నిచోట్లా ఒకే వరుస. అంటే 'ఏమీ లేదు' అని అర్థం."

"దీనికి మందు?"

మేడమ్ పెన్ డ్రైవ్ తీసి బల్లమీద పెట్టింది. "నార్మలైజేషన్. ప్రతి గుర్తుకీ యూనికోడ్‌లో ఒక తరగతి నంబర్ ఉంటుంది. ఆ ప్రకారం సర్దమంటే ఈ టూల్ ప్రతిచోటా ఫత్‌హాని ముందుకి, షద్దాని వెనక్కి జరుపుతుంది. పాఠంలో చుక్క కూడా మారదు. చాటున ఉన్న వార్త తుడిచిపెట్టుకుపోతుంది. అందుకున్నవాడికి ఈ వారం ఏమీ లేనట్టే."

చీఫ్ అందుకున్నాడు. "చిక్కు ఒకటుంది. పంపే మెషీన్ లోపలి గదిలో ఉంటుంది. బయటివాళ్ళని గుమ్మం దాటనివ్వరు. పంపేముందు వార్త సరిగ్గా ఉందో లేదో చూసుకుంటారు. కాబట్టి ఈ టూల్ వాళ్ళ మెషీన్‌లోనే, వాళ్ళ చేతులతోనే చేరాలి. వాళ్ళు చూసుకున్నాక, ఫైలు గడప దాటేటప్పుడు పనిచేయాలి. బయటి లెక్కలో నువ్వు ఫాంట్లు అమ్మేవాడివి. ఇది నీ సరుకు. అమ్మిరా."

"సార్, నాకు చేతులు వణుకుతాయి."

"తెలుసు. ధైర్యం ఉన్నవాళ్ళు నా దగ్గర చాలామంది ఉన్నారు. అమ్మడం వచ్చినవాడు నువ్వొక్కడివే."

తాళంచెవి చేతికిస్తూ ఇంకో మాట చెప్పాడు. "కారు వెనక మెట్ల దగ్గర ఉంటుంది. సీటు కింద మూడో దేశంలోకి సరిహద్దు దాటే పాస్ ఉంది. పని చెడితే నీ దారి అదొక్కటే. ఆ ఆఫీసులో ఒక అమ్మాయి ఉంటుంది. అక్షరాలు గీస్తుంది. మన ఫైల్లో ఆమె కోడ్ నేమ్ నెమలి. మన దగ్గరా జీతం తీసుకుంటోంది, వాళ్ళ దగ్గరా తీసుకుంటోంది."

"ఎవరి మనిషి సార్?"

"అది తెలుసుకోవడానికే దర్జీ వెళ్ళాడు. ఆఖరుసారి కలిసింది ఆమెనే."

పబ్లిషింగ్ ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే జిగురు వాసన, కొత్త కాగితం వాసన కలిసి వస్తున్నాయి. తీగకి క్లిప్పులు పెట్టి వేలాడదీసిన ప్రూఫులు ఫ్యాను గాలికి ఊగుతున్నాయి. ప్రతి కాగితం మీదా పిల్లి, బంతి, గొడుగు. వాటి కింద పెద్ద పెద్ద అక్షరాలు, నెత్తిన గుర్తులు. ఆ దువ్వెన ముక్క కనిపించినచోటల్లా షావుకారుకి బావమరిది ముఖం కనిపించింది.

తలుపు దగ్గర ఒక పహిల్వాన్ స్టూలు మీద కూర్చుని పేపర్ కట్టర్‌తో గోళ్ళు శుభ్రం చేసుకుంటున్నాడు. ఆ కట్టర్ మొన సూదిలా ఉంది. షావుకారు దానివైపు చూడకూడదనుకుంటూనే చూశాడు.

పెద్దాయన మెడకి మఫ్లర్, చేతిలో ఆయాసం మందు పీల్చే గొట్టం. మాట మెత్తగా ఉంది.

"రావయ్యా, అక్షరాల బాబూ. కూర్చో. టీ తాగుతావా? చెమటలు పడుతున్నాయేం?"

"మెట్లెక్కాను కదండీ."

"ఆయాసం ఉండి కూడా నేను రోజూ ఎక్కుతున్నాను. అది లేకుండానే నువ్వు చెమట కక్కుతున్నావు." నవ్వాడు. నవ్వు గొంతులో గరగరలాడింది.

షావుకారు ఫాంట్లు చూపించాడు. సన్నవి, లావువి, పిల్లల చేతిరాతలా ఉన్నవి. తరవాత అసలు సరుకు ముందుకు తోశాడు. "ఇది టెక్స్ట్ క్లీనర్ అండీ. ఫైలు పంపేటప్పుడు అక్షరాలన్నీ సర్ది, గుర్తులు ఎక్కడుండాలో అక్కడ పెట్టి..."

"వద్దు." పెద్దాయన గొట్టం పీల్చి పక్కన పెట్టాడు. "సర్దేవి, తుడిచేవి మాకెందుకు? మా అక్షరాలు శుభ్రంగానే ఉన్నాయి. ఆ పిల్లల రాత ఫాంట్ ఒక్కటి చాలు."

 బ్రీఫింగ్‌లో ఈ మాటకి జవాబు లేదు. బతిమాలితే అనుమానం. ఊరుకుంటే బావమరిది శవం.  అప్పుడు కొట్టు గుర్తొచ్చింది. వద్దన్న ఖాతాదారు ముందు గుడ్డ ఇంకా విప్పితే లేచిపోతాడు. మడత పెట్టడం మొదలుపెడితే, ఆగమంటాడు.

అతను క్లీనర్ వివరాలున్న కాగితాన్ని తన సంచిలోకి లాక్కున్నాడు.

"మంచిదండీ. అసలు మీకు చూపించడమే తప్పు. ఇది పెద్ద ప్రెస్సులకి మాత్రమే ఇమ్మన్నారు."

పెద్దాయన కనుబొమలు లేచాయి. "అంటే మాది చిన్నదా?"

"అలా అన్లేదండీ. ఫాంట్ ప్యాక్ చేయమంటారా?"

"ప్యాక్ చేయి. కొసరేమిటి?"

"కొసరు ఏముంటుందండీ ఫాంట్‌కి? కూరగాయలా?"

"ఇదిగో అబ్బాయ్." పెద్దాయన ముందుకు వంగాడు. "నేను ఈ వయసుదాకా కొసరు లేకుండా చెప్పుల జత కూడా కొన్లేదు. ఆ సంచిలోకి తోశావే, అదే కొసరు."

"అమ్మో, అది కుదరదండీ. మా కంపెనీవాళ్ళు నా ఉద్యోగం పీకేస్తారు."

"అయితే ఫాంటూ వద్దు. పహిల్వాన్, ఈయనకి తలుపు చూపించు."

పేపర్ కట్టర్ గోళ్ళ దగ్గర ఆగింది. షావుకారు లేచాడు. సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా నడిచాడు. వెనకనుంచి పిలుపు రాలేదు. ఇంకో అడుగు వేస్తే బేరం పోయినట్టే. ఆ అడుగు వేయలేక, ఆగలేక, నిజంగానే కాళ్ళు తడబడి తలుపు పట్టుకున్నాడు.

తిరిగి చూసి ఏడుపుగొంతుతో అన్నాడు. "సరేనండీ. ఎవరికీ చెప్పకండి."

పెద్దాయన చేతులు రుద్దుకున్నాడు. "అలా రా దారికి. అమ్మాయ్!"

లోపలి గది తలుపు తెరుచుకుంది. నెమలికంఠం రంగు చీర, వేళ్ళకి సిరా మరకలు, ఎక్కడా తొందరలేని నడక. ఆ ఆఫీసు మొత్తంలో ఖరీదైన వస్తువు ఆమె కళ్ళజోడు ఒక్కటే అనిపించింది. దాని వెనక ఉన్న కళ్ళు షావుకారుని కొలిచినట్టు చూశాయి.

"ఇది మెషీన్‌లో ఎక్కించు," అన్నాడు పెద్దాయన. "ఫాంటూ, కొసరూ."

ఆమె పెన్ డ్రైవ్ అందుకుంటూ మెల్లగా అంది. "మీ కోటుకి గుండీ ఊడింది."

షావుకారు కోటు వైపు చూడలేదు. చూడక్కర్లేదు. గుండీలన్నీ ఉన్నాయి. అది దర్జీ కోడ్ వర్డ్. దానికి జవాబు 'దారం ఏ రంగు?'. ఆ మాట ఈమెకి రెండు రకాలుగా చేరి ఉండాలి. దర్జీ నమ్మి చెప్పి ఉండాలి, లేదా కట్టర్ మొన ముందు చెప్పి ఉండాలి. జవాబిస్తే తనెవరో ఒప్పుకున్నట్టే. పహిల్వాన్ చూస్తున్నాడు.

"ఇంటికెళ్ళాక మా ఆవిడ చూసుకుంటుంది లెండి," అన్నాడు.

ఆమె పెదవి చివర చిన్న నవ్వు మెరిసింది. లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దాయనకి ఫోన్ వచ్చింది. బాల్కనీలోకి వెళ్ళాడు. పహిల్వాన్ టీ గ్లాసులు తీసుకుని కిందికి దిగాడు. నెమలి తిరిగొచ్చి షావుకారు ఎదురుగా కూర్చుంది.

"వ్యాపారిగారూ, మీ కొసరు చాలా బాగుంది. ఒక పాత పాఠం మీద వేసి చూశాను. షద్దాలన్నీ బుద్ధిగా వెనక్కి వెళ్ళి నిలబడ్డాయి. ఈ సంగతి పెద్దాయనకి చెప్పనా?"

షావుకారు నోరు తెరిచాడు. మాట రాలేదు. చెయ్యి జేబులో పెన్నుని తడిమింది. పొగ వదిలి పారిపోవచ్చు. తను బతుకుతాడు. ఫైలు పోతుంది, బావమరిది పోతాడు. పెన్ను వదిలేశాడు.

"మీకేం కావాలి?" అన్నాడు చివరికి.

"హమ్మయ్య, మాట వచ్చింది. దర్జీ నాకొకటి ఇస్తానన్నాడు. కారు తాళం, సరిహద్దు పాస్. ఇచ్చేలోపు పహిల్వాన్ ఆయన్ని లిఫ్టులో కలిశాడు. రెండు కొట్లలో జీతం తీసుకునేదాన్ని ఏదో ఒకరోజు రెండు కొట్లవాళ్ళూ కలిసి తరుముతారు. నాకు బయటికి దారి కావాలి."

"ఇస్తే?"

"చెకింగ్ నేనే చేస్తాను. వార్త సరిగ్గా ఉందని చెప్తాను. అది అబద్ధం కాదు, అప్పటికి సరిగ్గానే ఉంటుంది. తరవాత పెద్దాయనే పంపుతాడు. ఆ బటన్ ఎవరినీ ముట్టుకోనివ్వడు."

"మిమ్మల్ని నమ్మడమెలా?"

"నమ్మకండి. వేరే సరుకు ఉంటే కొనుక్కోండి."

బాల్కనీలో దగ్గు వినిపించింది. ఫోన్ ముగుస్తోంది. షావుకారు జీవితంలో సరుకు చూడకుండా ఏదీ కొనలేదు. తాళంచెవి తీశాడు. అది బల్ల మీద పెడుతుంటే తను తప్పించుకునే వెనక తలుపు మూసుకుపోతున్న చప్పుడు చెవుల్లో వినిపించింది.

"వెనక మెట్లు. బూడిద రంగు కారు. పాస్ సీటు కింద."

ఆమె చెయ్యి దానిమీద పడింది. చెయ్యి తీసేసరికి బల్ల ఖాళీ.

పెద్దాయన లోపలికి వచ్చాడు. "పంపే వేళైంది. అమ్మాయ్, చూశావా?"

"చూస్తాను." ఆమె లోపలి గదిలోకి వెళ్ళింది. కాసేపటికి బయటికి వచ్చింది. "పాఠం సరిగ్గా ఉంది. పంపేటప్పుడు ఏదైనా అడిగితే అవును నొక్కండి. నేను కింద ప్రూఫులు చూసొస్తాను."

ఆమె వెనక మెట్లవైపు వెళ్ళింది. చీర అంచు మలుపులో మాయమైంది. పెద్దాయన లోపలికి వెళ్ళాడు. పహిల్వాన్ వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. కింద ఎక్కడో కారు స్టార్ట్ అయిన చప్పుడు. షావుకారు ఆ చప్పుడు దూరమయ్యేదాకా విన్నాడు. ఇక తనకి ముందు తలుపు ఒక్కటే ఉంది. దానికి అడ్డంగా పహిల్వాన్ ఉన్నాడు.

"ఏమయ్యా, అక్షరాల బాబూ!" లోపలినుంచి పిలుపు. "ఇలా రా. ఇది ఏదో అడుగుతోంది."

బయటివాళ్ళని ఎన్నడూ రానివ్వని గది అది. షావుకారు గుమ్మం దాటాడు. స్క్రీన్ మీద పిల్లి బొమ్మ, కింద పాఠం, మధ్యలో చిన్న పెట్టె: 'పంపే ముందు గుర్తులు సర్దాలా?' అవును, కాదు.

టెక్నికల్ మేడమ్ ఈ సంగతి చెప్పలేదు.

పెద్దాయన వేలు మౌస్ మీద ఉంది. బాణం గుర్తు 'కాదు' మీద ఉంది. "అమ్మాయి అవును అంది. కానీ సర్దడమంటే ఏం సర్దుతుంది? నాకు తెలీకుండా నా ఇంట్లో ఏది సర్దినా నాకు నచ్చదు."

అవును నొక్కండి అనాలని షావుకారు ప్రాణం కొట్టుకుంటోంది. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటని మింగేశాడు. అమ్మేవాడు తీసుకోమన్నది తీసుకునే మనిషి కాదు ఈయన. ఇందాక ఒకసారి అమ్మిన సరుకుని మళ్ళీ అమ్మాలి. ఈసారి మడత పెట్టడంలో వేలు జారితే మనిషి పోతాడు.

"కాదు నొక్కండి," అన్నాడు.

పెద్దాయన తల తిప్పాడు.

"కాదు నొక్కండి సార్, మీకు పుణ్యముంటుంది. అవును నొక్కితే మీరు దాన్ని వాడినట్టు మా కంపెనీకి తెలిసిపోతుంది. కొసరుగా ఇచ్చానని నా కొంప మునుగుతుంది. ఉంచుకోండి, వాడకండి."

గొంతు వణికింది. ఆ వణుకు నటన కాదు. పెద్దాయన అతన్ని చూసి, స్క్రీన్ చూసి, కిచకిచ నవ్వాడు.

"ఇచ్చి వాడొద్దంటాడు. ఏం వ్యాపారివయ్యా నువ్వు!"

బాణం జరిగింది. వేలు నొక్కింది. అవును.

తెర మీద సన్నటి గీత ఎడమనుంచి కుడికి నిండింది. పిల్లి అలాగే ఉంది. పాఠం అలాగే ఉంది. ఒక్క చుక్క కదల్లేదు. ఫైలు వెళ్ళిపోయింది.

పెద్దాయన అతన్ని పంపేయలేదు. "టీ చల్లారిపోయింది. ఇంకోటి తాగి వెళ్ళు. అవతలివాళ్ళు అందిందని చెప్పేదాకా నాకు తోచదు." బయట గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. షావుకారు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా టీ అంచులు దాటి కోటు మీద పడింది.

మెషీన్ టింగుమంది. పెద్దాయన లోపలికి వెళ్ళాడు.  వచ్చేటప్పుడు చేతిలో పిస్టల్ ఉంది. ముఖం అతికించిన కాగితంలా ఉంది.

"పాఠం అందిందట. 'వార్త ఉందన్నారు, ఏమీ లేదేం?' అని అడుగుతున్నారు." పిస్టల్ మూతి షావుకారు నుదుటికి ఆనింది. "నీ కొసరు ఏం చేసింది?"

షావుకారు చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణంలో అతనికి డిపార్ట్‌మెంట్ లేదు, కోడ్ వర్డ్ లేదు. నుదుటి మీద చల్లటి గుండ్రం ఒక్కటే ఉంది.

"నేను... నేను కాదు నొక్కమన్నాను కదండీ," అన్నాడు వెక్కుతూ. "వద్దు వద్దంటుంటే మీరే తీసుకున్నారు. వాడొద్దంటుంటే మీరే వాడారు. నేనేం చేశానండీ?"

పెద్దాయన చూపు ఒక్క క్షణం మసకబారింది. ఆ మాట నిజం. కావాలని తెచ్చినవాడైతే అవును నొక్కమంటాడు. అవును నొక్కమన్నది ఎవరు?

"అమ్మాయ్!" అరిచాడు. జవాబు లేదు. "పహిల్వాన్, కింద చూడు!"

పహిల్వాన్ వెళ్ళి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "లేదండీ. వెనక గేటు తెరిచి ఉంది. కారేదో వెళ్ళిందట."

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. మెషీన్‌లో ఉన్న ఫైల్లోనూ గుర్తులన్నీ సర్దుకుపోయాయి, వార్త మళ్ళీ దాచడం ఆ అమ్మాయికే వచ్చు. గొట్టం వెతుక్కుని పీల్చాడు. అవతలివాళ్ళకి వార్త ఉందని నిన్ననే మాటిచ్చాడు. ఖాళీ మూట పంపినవాడిని వాళ్ళు ఏం చేస్తారో ఆయనకి బాగా తెలుసు. ఇలాంటివి ఇతరులకి చేయించింది ఆయనే. షావుకారు వైపు విసుగ్గా చూశాడు.

"లేచి పో. చెమట, కన్నీళ్ళు, టీ, అన్నీ నా నేల మీదే పోశావు. నీలాంటి పిరికిగొడ్డుని ఏ గూఢచారి సంస్థ పెట్టుకుంటుంది? ఒక్క నిమిషం అనుమానించినందుకు నాకే సిగ్గేస్తోంది."

షావుకారు పోయాడు. మెట్లు ఎలా దిగాడో గుర్తులేదు. వీధి మూలన గ్యాస్ స్టవ్‌లు బాగుచేసే బండి ఉంది. బండి ముందు కూర్చున్న ముసలాయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"స్టవ్ వెలుగుతోందా?" అన్నాడు చీఫ్ గొంతుతో, తల ఎత్తకుండా.

"ఆరిపోయింది సార్. వార్త పోలేదు," అన్నాడు షావుకారు. ఆ పక్కనే కూర్చుండిపోయాడు.

కాసేపట్లో పెద్దాయన సూట్‌కేసుతో, పహిల్వాన్ ఇంకో సూట్‌కేసుతో వెనక మెట్లు దిగారు. అక్కడ వాళ్ళకోసం ఒక వ్యాను సిద్ధంగా ఉంది, వాళ్ళు పిలిచింది కాదు. తలుపులు మూసుకునేటప్పుడు పెద్దాయన దగ్గు మాత్రం వీధిలోకి వినిపించింది. పహిల్వాన్ జేబులో పేపర్ కట్టర్ దొరికింది. పెద్దాయన పర్సులో ఫొటో దొరికింది. అవతల మాత్రం కథ ఇలా చేరింది: పెద్దాయన, అక్షరాల అమ్మాయి కలిసి ముఠాకి టోపీ పెట్టి పారిపోయారు. ఆ ఇంట్లో డ్రైవర్ గురించి ఎవరూ ఆలోచించలేదు.

కొన్ని వారాలకి ఆ డ్రైవర్ 'ఊళ్ళో అమ్మకి ఒంట్లో బాగాలేదు' అని సెలవడిగి వచ్చేశాడు.

షావుకారు భార్య గుమ్మంలోనే తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చింది. "ఎంత చిక్కిపోయావురా! ఓడల కంపెనీవాళ్ళు తిండి పెట్టరా?" తరవాత భర్తవైపు తిరిగింది. "మీరు చూడండి. రెండు ఫాంట్లు అమ్మి వచ్చి వారం రోజులు మంచం దిగలేదు. వీడు సముద్రాల మధ్య ఎంత కష్టపడ్డాడో!"

"అవునే," అన్నాడు షావుకారు. "కష్టమంటే వాడిదే."

"నిజమే బావా," అన్నాడు బావమరిది, సోఫాలో కాళ్ళు చాపి దిండు సర్దుకుంటూ. "నీకేం, కూర్చుని అమ్ముకుంటావు. కాస్త ఆ ఫ్యాను పెంచుదూ."

ఆ వారమే పోస్టులో చిన్న పెట్టె వచ్చింది. పంపినవాళ్ళ పేరు లేదు. లోపల కారు తాళంచెవి, ఒక దారపు ఉండ. నెమలికంఠం రంగు. షావుకారు దాన్ని తీసుకెళ్ళి దర్జీ ఫొటో ముందు పెట్టాడు. 

ఇక లెక్క. పొగ పెన్ను వాడలేదు, వెనక్కి ఇచ్చేశాడు. తాళం పోయి తిరిగొచ్చింది. కోటు మీద టీ మరక పోలేదు. దర్జీ చోటు ఏ రాబడితోనూ పూడలేదు. తీసుకెళ్ళిన భయమంతా ఆ ఒక్కరోజే ఖర్చు పెట్టాడు. దానితోనే బతికి బయటపడ్డాడు కాబట్టి దాన్ని నష్టం కింద రాయడానికి మనసొప్పలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే మళ్ళీ అంతా అలాగే ఉంది.

లాభం: ఒక బావమరిది, ప్రాణాలతో.

కొసరు మాత్రం ఈసారి అడక్కుండానే వచ్చింది. అది ప్రస్తుతం సోఫాలో ఇల్లంతా అదిరేలా గురక పెడుతోంది.